రెండో పలక

“పిలవండమ్మా ఆ మహానుభావుణ్ణి బయటికి! ఇంట్లో దాక్కుంటే ఉద్యోగం దక్కుతుందనుకున్నాడా?”

అడవి జంతువుల సర్వే ఆఫీసరు గుమ్మంలోనే నిలబడి అరిచాడు. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో కవరు. కవర్లో ఏముందో చదవక్కర్లేదు, ఆయన మొహం మీదే రాసుంది.

తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది అతని భార్య. “ఇంట్లో ఉండడమేంటి సార్? పది రోజుల డ్యూటీ కదా, అడవిలోనే ఉన్నారు.”

“వెనకేసుకురాకండి. పదిహేడో కెమెరాకి బ్యాటరీలు మార్చి ఎనిమిది రోజులైంది. పద్దెనిమిదోది అక్కడికి అరగంట నడక. అదింకా మారలేదు, ఆ తర్వాతవన్నీ ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. చేసిన పనికి మొహం చెల్లక మధ్యలోనే వచ్చేశాడు.”

ఆమెకి వెంటనే ఆడపడుచు ఇల్లు గుర్తొచ్చింది. ఫోటోలు సరిగ్గా పడటం లేదని పోయిన నెల ఈ ఆఫీసరే చివాట్లు పెడితే, ఆ అలకతో అక్క ఇంటికి పోయి రెండు రోజులు ముసుగుతన్ని పడుకున్న మనిషి ఆయన. ‘ముందు ఈ కవరు వెనక్కి పంపించాలి, తర్వాత ఆయన సంగతి చూడాలి’ అనుకుంది.

“ఇంతకీ ఏం చేశారు సార్?”

“ఎర పెట్టాడు!” ఆఫీసరు ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి తెరిచాడు. “జంతువు దానంతటది అటుగా వస్తే కెమెరా ఫోటో తీసి ఆఫీసుకి పంపాలి. తిండి ఆశపెట్టి రప్పిస్తే అది సర్వే కాదు, మోసం. ఇది తెలిస్తే మా లెక్కలన్నీ చెత్తబుట్టలోకే. వారం రోజులు ఊళ్ళో లేను, నిన్న తెరిచి చూస్తే ఇదీ బాగోతం.”

పదిహేడో కెమెరా ఫోటోలో నేల మీద అడ్డంగా ఓ మాను. దాని వెనక అడవిపంది. తర్వాతి ఫోటోలో పునుగుపిల్లి. ఆ తర్వాత రెండు నక్కలు. ఏ ఫోటో చూసినా అదే చోటు, అన్నిటి తలలూ మాను వెనక్కే వంగి ఉన్నాయి.

“ఏడాదికి ఒక్కసారి కూడా కనిపించని జంతువులు ఎనిమిది రోజులుగా అక్కణ్ణుంచి కదలట్లేదు. మాను నరికి అడ్డం పడేసి, దాని వెనక ఏదో దాచాడు. కవరు తీసుకుని సంతకం పెట్టండి.”

ఆమెకి ఒళ్లు మండింది. “చచ్చినా ఆ పని చెయ్యరు సార్! రూలంటే రూలే మావారికి. అందరూ పలకాయన అని ఊరికే పిలుస్తారా?”

ఆ పేరు వినగానే ఆఫీసరు కోపం కాస్త మెత్తబడింది. కెమెరా దగ్గరికెళ్లిన ప్రతివాడూ దాని ముందు పలక చూపించాలి. రాగానే ‘వచ్చాను’ అని నంబరూ తేదీతో ఒకసారి, పనయ్యాక ‘వెళ్తున్నాను’ అని ఇంకోసారి. మొదటిది అందరూ చూపిస్తారు. రెండోదానికి సగం మందికి బద్ధకం. ఈయన మాత్రం పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

“వీధి చివర కొట్టుకెళ్లినా నా మొహం ముందు పలక పట్టి, నేను చదివాకే కదిలే మనిషి సార్,” అంది ఆమె. నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. “నాకు మాత్రం సంతోషమా అమ్మా? కానీ ఫోటో కళ్లముందు ఉంది కదా.”

“అయితే రెండో పలక ఫోటో తెరిచి చూడండి సార్. అందులో ఆయన వెనక నేల కనబడుతుందిగా! మాను ఉంటే తప్పు ఆయనదే, నేనే సంతకం పెడతా. లేకపోతే ఆయన వెళ్లాక ఇంకెవరో చేసిన పని.”

మాట న్యాయంగానే ఉంది. ఆఫీసరు మొదటి కెమెరా నుంచి మొదలుపెట్టాడు. రెండు పలకలు. రెండో కెమెరా, రెండు పలకలు. పదహారు దాకా లెక్క ఎక్కడా తప్పలేదు. ఆమె మొహం వెలిగిపోతోంది.

పదిహేడు. ‘వచ్చాను’ అన్న పలక పట్టుకుని నవ్వుతున్నాడు ఆయన. వెనకాల ఎండిన చెట్టొకటి, ఒరిగినా ఇంకా నిలబడే ఉంది.

“చూశారా సార్, నరకలేదు! తర్వాతది తియ్యండి.”

తర్వాతది అడవిపంది ఫోటో. చెట్టు నేల మీదుంది.

ఆఫీసరు వెనక్కి జరిపాడు, ముందుకి జరిపాడు. మధ్యలో ఏమీ లేదు. ఫోటో పెద్దది చేసి మాను మొదలు చూశాడు. గొడ్డలి వేటు ఒక్కటీ లేదు. వేళ్లు, వేళ్లకి వేలాడుతున్న మట్టి. ఆయన చేతిలోని కవరు జారి కింద పడింది.

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు. “మీ ఆయన ఏ ఎరా పెట్టలేదు.”

ఆమె ఆ మాట విననే లేదు. మాను వెనక్కి వంగిన పంది తలనే చూస్తోంది.

“రెండో పలక చూపించకుండా మావారు అక్కణ్ణుంచి కదలరు సార్... ఇంకా అక్కడే ఉన్నారు.”