మళ్లీ కొలత

“ఒక్క మాట చెప్పు బావా. నీ కొలతలో ఎక్కడైనా తేడా ఉందా, లేదా?”

బావమరిది అర్జీని బల్ల మీద పరిచాడు. పై గట్టు చెట్లను మళ్లీ కొలిపించమని ఇరవై ఆరుగురు రంపం పనివాళ్ల సంతకాలు. సాయంత్రం ఐదులోపు అటవీ ఆఫీసులో ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే చెత్తబుట్టకే. గడియారంలో నాలుగు దాటింది.

ఆ బావే కొలతలాయన. చెట్ల చుట్టుకొలత తీసి పుస్తకంలో రాయడం ఆ ఆఫీసులో ఆయన ఉద్యోగం. రెండు మీటర్లు దాటితే అది పాత చెట్టు, ముట్టుకోకూడదు. అలాంటివి నలభై ఉంటే గట్టంతా రక్షిత అడవి. చట్టం రాసినవాళ్లు అడవిని లెక్కలోకి తీసుకున్నారు, అందులో చెమటోడ్చేవాణ్ని గాలికి వదిలేశారు. పై గట్టున ఆయన నలభై రెండు రాశాడు. కోత ఆగింది. కలప మిల్లు మూతపడింది.

భార్య తమ్ముడికి టీ తెచ్చింది. అతను రెండు చేతులతో పట్టుకున్నా సగం ఒలికింది. మోటారు రంపం ఆగి రెండు నెలలైంది, చేతుల వణుకు మాత్రం ఆగలేదు.

“ఈ చేతులతో పట్నం గోదాములో బస్తాలు మోస్తాడట!” ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. “టేపు కాస్త బిగించి లాగితే మీ సొమ్మేం పోయేది? నాలుగు వేళ్లు తక్కువ రాస్తే ఆకాశం ఊడిపడేదా?”

“ఊరుకో అక్కా. బావకి అబద్ధం ఎక్కడొచ్చు? కాపురానికొచ్చిన మొదటి రోజే నీ వంట బాగాలేదని మొహం మీదే చెప్పిన మనిషి.”

ఆమెకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు.

బావమరిది గొంతు తగ్గించాడు. “ఒకటి చెప్పనా బావా? పోయినేడు ఆ గట్టు మీద ఒకదాన్ని కోశాను. చూస్తే నా కౌగిలికి సరిపోయేంతే. మొద్దు మీద ఏడాదికొకటి పడే వలయాలు లెక్కపెట్టబోతే మూడొందల దగ్గర కళ్లు తిరిగాయి. ఆ పూట అన్నం సయించలేదు. అయినా మర్నాడెళ్లి పక్కదాన్ని కోశాను. ఇంట్లో నాలుగు నోళ్లున్నాయిగా!”

“ఆ మొద్దు నేనూ చూశాను,” అన్నాడు కొలతలాయన.

“మావాళ్లంతా కొలత తప్పంటున్నారు. నేనే అడ్డుపడ్డాను. బావ కొలిస్తే కొలిచినట్టే, ముందు ఆయన్ని అడిగొస్తానన్నాను. నువ్వు తేడా ఉందంటే ఇప్పుడే పరిగెత్తుకెళ్లి ఇచ్చేస్తా. లేదంటే రేపు పొద్దున్నే బండెక్కుతా. నా వెనకే వాళ్లూ.”

ఇరవై ఆరు పేర్లు. అందరూ ఆయనకు తెలిసినవాళ్లే. ఎవరి చేతికి ఎన్ని వేళ్లు మిగిలాయో కూడా తెలుసు.

“చెప్పండి,” అంది భార్య.

ఆయన గోడ వైపు చూశాడు. “కొలత సరిగ్గానే ఉంది.”

బావమరిది అర్జీని నాలుగు ముక్కలు చేశాడు.

“పోనీలే బావా. నీ మీద నాకు కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు రాసినవాణ్ని ఏమనను?” బావ భుజం తట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. “నా తమ్ముడి కోసం ఒక్క అబద్ధం ఆడలేకపోయారు,” అంది, కళ్లు తుడుచుకుంటూ.

కొలతలాయన నేల మీద కూర్చుని కాగితం ముక్కలు ఏరుకోసాగాడు.

పై గట్టు మీద చుట్టుకొలత రెండు మీటర్లు దాటిన చెట్టు ఒక్కటీ లేదు.