నూకరత్నం బండి గొంతు

కడియంలో పూలు తోలే నూకరత్నం, పాత ఆటో చట్రానికి బ్యాటరీలు బిగించి సొంతంగా బండి తయారు చేసుకుంది. ఒక మధ్యాహ్నం దాన్ని ఊరి చార్జరుకు తగిలిస్తే, "వాహనం మాట్లాడటం లేదు" అని చార్జరు మొరాయించింది. బండి నిండా మల్లెమొగ్గలు. పొద్దు వాలేలోగా రాజమండ్రి చేరకపోతే బుట్టల్లోనే విచ్చుకుంటాయి.

ఆమె ప్లగ్గు విప్పి చూసింది. బండి సంగతులు చార్జరుకు చెప్పే సన్నటి తీగను ఎలుక కొరికేసింది. తీగ అతికించినా చార్జరు కరెంటు ఇవ్వలేదు. చార్జరు కంపెనీకి ఫోను చేసింది.

"మనుషుల ఫిర్యాదులు తీసుకోవడం మానేశామండీ. వాహనాన్నే మాట్లాడమనండి," అంది అవతలి యంత్రం మర్యాదగా.

"దీనికి నోరెక్కడుందే?" అన్నాడు పక్కనే ఉన్న భర్త సత్తిరాజు.

"నాకుందిగా," అని నూకరత్నం గొంతు మార్చింది. "నేనేనండీ, బండిని."

"ఎక్కడ దెబ్బ తగిలింది?"

"ప్లగ్గు కాడ తీగండీ. బాగైపోయిందండీ."

"పొద్దున ఎన్నింటికి బయల్దేరారు?"

"నాలుగింటికండీ."

"మధ్యలో ఎక్కడైనా ఆగారా?"

"లేదండీ."

"పాపం, అలిసిపోయారా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. గొంతు మార్చడం మరిచిపోయింది. "అవునండీ," అంది.

చార్జరు మీద పచ్చదీపం వెలిగింది. "గంటసేపు మిమ్మల్ని కదపొద్దని మీ యజమానికి చెప్పండి."

సత్తిరాజు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మొగ్గలు వేళకే చేరాయి. బండి కులాసా కనుక్కోవడానికి కంపెనీ నుంచి ఇప్పటికీ వారానికోసారి ఫోను వస్తుంది. నూకరత్నం ఎంత పనిలో ఉన్నా ఆపేసి, పెరట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడుతుంది.