ఎర్ర చీటీ

"నా పేరు వద్దు సార్. ఇంకెవరిదైనా పెట్టండి."

దూది మామ ఈ మాట అనడం పొద్దుటి నుంచి మూడోసారి. చచ్చిన పక్షుల తోలు ఒలిచి, లోపల దూది కూరి, కుట్టి, మ్యూజియం సొరుగుల్లో వరసగా పడుకోబెట్టడం ముప్ఫై ఏళ్లుగా అతని పని. అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ తెలియదు.

ప్రొఫెసరు నవ్వాడు.

"ఇంత మొహమాటమైతే ఎలా మామా? నీటికాకుల్లో కొత్త జాతి! పెద్ద రకానికీ చిన్న రకానికీ మధ్య ఇంతకాలం దొరకని లంకె. పన్నెండేళ్లు మీ సొరుగులోనే పడుంది. పిట్టకి మీ పేరు, మీ పేరుకి లాటిన్ తోక. అంతే."

"ఇంకొక్కసారి చూడండి సార్."

"ఏడాదిగా చూస్తూనే ఉన్నా. కొలవని ఈక లేదు. మీ చేతి చలవేమో గానీ, కుట్టు ఎక్కడుందో కూడా కనపడదు."

"అది కాదు సార్, ఆ పిట్ట..."

తలుపు తెరుచుకుంది. కూతురు. వెనకే అల్లుడు, ఇస్త్రీ చొక్కాలో.

అత్తవారింట్లో 'మా నాన్నకి ఆఫీసులో పని' అని నెట్టుకొచ్చిన పిల్ల. తండ్రి ఒంటి మీది, తోళ్లకి పూసే మందు వాసనకి చిన్నప్పటి నుంచీ ముక్కు మూసుకునే పిల్ల. ఇవాళ ముక్కు మూసుకోలేదు. దగ్గరికొచ్చి అతని కాలరు సరిచేసింది.

"మా నాన్నండీ," అంది, వేడుకకి హాల్లో చేరిన అందరికీ వినపడేలా. "పుస్తకాల్లోకి ఎక్కుతున్నాడు."

"మామగారూ, మీరింత గుంభనంగా ఉంటారనుకోలేదు," అన్నాడు అల్లుడు.

దూది మామ కూతురు సరిచేసిన కాలరు తడుముకున్నాడు.

ప్రొఫెసరు అతని చేతికి ఎర్ర చీటీ ఇచ్చాడు. "మీరే కట్టండి. ఈ చీటీ ఉన్న పిట్టే ఆ పేరుకి సాక్ష్యం. రేపు ఏ దేశంలో ఎవరికి అనుమానం వచ్చినా, ఇక్కడికొచ్చి దీన్నే విప్పి చూసుకోవాలి."

చప్పట్లు మోగాయి. కూతురు అందరికంటే గట్టిగా కొట్టింది.

కాలికి చీటీ కట్టి, పిట్టను సొరుగులో పెట్టబోతుంటే దూది మామ బొటనవేలు అలవాటుగా మెడ ఈకల కిందికి జారి, పన్నెండేళ్ల కిందట ఎలుకలు తల కొరికేసిన పెద్ద నీటికాకి మొండేనికి, ఒళ్లు కుళ్లిన చిన్న నీటికాకి తల తెచ్చి, పై అధికారి చూడకముందే తను వేసిన కుట్టు మీద ఆగింది.