వాడుకలో ఉన్న పార్కు

మున్సిపాలిటీ నోటీసు సోమవారం వచ్చింది. పార్కులో జనం తిరగడం లేదు కాబట్టి ఆ స్థలాన్ని కార్ల పార్కింగ్‌కు తీసుకోవాలని ప్రతిపాదన. గురువారం సాయంత్రం ఐదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. ఆయన ఏది రాస్తే అదే ఖాయం.

లీదియా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కోపం కూడా రాలేదు ఆమెకు.

గచ్చిబౌలిలోని ఆ కాలనీలో నాలుగు బ్లాకులు, మూడు వందల ఫ్లాట్లు. కాలనీ సంఘానికి ఆమె కార్యదర్శి. పగలంతా స్కూల్లో లెక్కలు చెప్పి, సాయంత్రం వచ్చి ఈ పని చూసుకుంటుంది. ఇంకెవరూ ముందుకు రాకపోతే ఒప్పుకున్న పదవి. నాలుగేళ్ళయింది. బిల్డింగులు కట్టినవాళ్ళు వదిలేసిపోయిన కంకర, పగిలిన టైల్స్ ఎత్తించడానికే ఆర్నెల్లు పట్టింది. ఆ తర్వాత నడకదారి వేయించింది. ఊయలలు పెట్టించింది. బోరు ఎండిపోయిన వేసవిలో కానుగ మొక్కలకు తనే క్యాన్లతో నీళ్ళు మోసింది. మోకాళ్ళ నొప్పి అప్పుడు మొదలైందే.

పార్కు బాగుపడింది. మనుషులే రాలేదు. పొద్దున్నే ఆఫీసు బస్సులు వచ్చి వాళ్ళను తీసుకుపోతాయి. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. పిల్లలకు ట్యూషన్లు. శని, ఆదివారాలైతే మాల్స్.

మంగళవారం ఆమె ఇల్లిల్లూ తిరిగింది.

"గురువారం ఒక్క గంట కిందికి రండి. పిల్లల్ని తీసుకుని వచ్చి కూర్చుంటే చాలండీ."

"ఆ టైములో కాల్స్ ఉంటాయండీ," అన్నాడు ఏ బ్లాక్ కిరణ్ పాల్. పాపం, అతని చెవిలో అప్పుడు కూడా ఏదో కాల్ నడుస్తూనే ఉంది.

"పార్కింగ్ వస్తే మంచిదేగా ఆంటీ, మాకు రెండు కార్లు," అంది డీ బ్లాక్ సంయుక్త, సగం తెరిచిన తలుపు వెనక నుంచి.

వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే అరవై రెండు బొటనవేళ్ళు వచ్చాయి. వస్తామని ఒక్కరూ రాయలేదు.

బుధవారం స్కూలు నుంచి వచ్చి ఆమె నేరుగా పార్కులోకి వెళ్ళింది. బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. కానుగ చెట్లు ఆమె కంటే ఎత్తు పెరిగాయి. చుట్టూ ఎటు చూసినా అద్దాల భవనాలు. కాలనీ మొత్తంలో మట్టి కనిపించేది ఇక్కడే. వదిలేద్దామా అనుకుంది. మళ్ళీ లేచింది. అడగడానికి మొహం చెల్లకపోయినా ఇంకొక్కరిని అడిగింది. ఆ సంగతి కమిటీలో ఎవరికీ చెప్పలేదు.

గురువారం ఐదు దాటిన పది నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ మహేందర్ స్కూటర్ మీద వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. చొక్కా వీపంతా చెమటతో తడిసింది.

"ఇయ్యాల ఇది మూడో పార్కు మేడమ్. మిగతా రెండిట్ల నరపురుగు లేదు. అదే రాసిన," అన్నాడు హెల్మెట్ తీస్తూ.

లీదియా గేటు తెరిచింది.

లోపల పార్కు నిండా జనం. ఊయలల దగ్గర పిల్లలు వరస కట్టారు. ఒకరు దిగాకే ఇంకొకరు ఎక్కుతున్నారు. నడకదారి మీద ఆడవాళ్ళు ముగ్గురేసి, నలుగురేసి కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతున్నారు. గడ్డిలో కూర్చున్న గుంపు దేనికో పడీపడీ నవ్వుతోంది. ఒక పెద్దాయన ఊరికే ఉండలేక చెట్టు మొదట్లో కలుపు పీకుతున్నాడు.

మహేందర్ గేటు దగ్గరే ఆగిపోయాడు. ఒక్కొక్కరినీ పరకాయించి చూశాడు.

అతను ఫారం పట్టుకుని బెంచీ చివర కూర్చున్న ఒక ముసలామె దగ్గరికి నడిచాడు.

"ఏ బ్లాక్ అమ్మా?"

ఆమె తలెత్తి చూసి ఒక్క క్షణం తటపటాయించింది. "సీ బ్లాక్ సారూ."

"ఎన్నేండ్ల సంది?"

"ఏడేండ్లాయె."

"దినాం గిట్ల వచ్చి కూసుంటవా?"

ముసలామె లీదియా వైపు చూసింది. లీదియా చూపు తిప్పుకుంది.

"కూసుంటే పానం మంచిగుంటది," అంది ముసలామె.

మహేందర్ ఇంకెవరినీ ఏమీ అడగలేదు. ఫారాన్ని స్కూటర్ సీటు మీద పరిచి, పెన్ను రెండుసార్లు విదిలించి రాశాడు. 'పార్కు పూర్తిగా వాడుకలో ఉంది. పార్కింగ్‌కు ఇవ్వరాదు.' కింద సంతకం పెట్టాడు.

లీదియాకు సంతోషం రాలేదు. గేటు పట్టుకుని నిలబడింది.

"చాలా థాంక్సండీ," అంది.

"ఒక్క మాట మేడమ్. నెలకొకపారి చెప్పకుండ వస్త. మల్ల గీ మనుషులే కనపడాలె నాకు. గీ పిల్లలే ఊయల ఊగుతుండాలె. గేటు కాడ ఎవ్వర్ని ఆపొద్దని మీ వాచ్‌మన్‌కు చెప్పున్రి."

"వీళ్ళేనా అండీ?" అంది లీదియా నెమ్మదిగా.

మహేందర్ స్కూటర్ స్టార్ట్ చేసి, సీ బ్లాక్ మెట్లు ఊడ్చే ఆ ముసలామెను కేకేసి అన్నాడు: "ఈరమ్మత్తా, మన గల్లీవోల్లందరితోటి బోరబండ దాక ఆటోల ఇరుక్కొని ఏం పోతవ్, పక్కింటోన్ని నేనుండంగ."