తగ్గించిన రెండేళ్లు

కిట్ బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే త్రివేణి తండ్రిని అడిగింది.

“డాడీ, నిజం జెప్పు. నేను ఏ సంవత్సరంల పుట్టిన?”

దక్షిణాసియా అండర్-17 బాలికల ఫుట్‌బాల్ పోటీల కోసం ఇండియా క్యాంపుకు వెళ్లిన పిల్ల, మూడో రోజే నాచారం తిరిగొచ్చేసరికి యాదగిరికి విషయం అర్థమైంది.

“బొక్కలు చూసి వయసు తేల్చనీకి చెయ్యి ఎక్స్‌రే తీసిన్రు. వయసు ఎక్కువుందని ఇంటికి పంపిన్రు.”

“బడిల ఏసేటప్పుడు రెండేండ్లు తగ్గిచ్చి రాయించిన బిడ్డా. రేపు నౌకరీకి అక్కరకొస్తదని.”

“మరి నేను ఆడవట్టినంక గూడ ఎందుకు జెప్పలే?”

“ప్రతి మ్యాచ్‌ల గోల్స్ కొడుతుంటివి. నీ పేరు పేపర్ల వడుతుండె. చెప్పబుద్ధి గాలే.”

త్రివేణి షోకేసులోని కప్పుల వైపు చాలాసేపు చూసింది.

“అంటే నేను ఇన్నేండ్లు గెలిచింది నాకన్న చిన్నపిల్లల మీదనా, డాడీ?”