పన్నెండో నంబరు అంగీ

"గీ అంగీకి చిన్న గిన్నె కంటె ఎక్కువ రాదక్కా" అన్నాడు, పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే బాలమల్లు.

ప్రమోదిని బేరమాడలేదు.

ఆకుపచ్చ అంగీ. ఛాతీ మీద ఏదో బ్యాంకు పేరు, భుజం మీద ఇంకేదో దుకాణం పేరు, వీపున పన్నెండో నంబరు. రంగుల కంపెనీవాళ్ళు పెయింటర్లకు ఊరికే పంచే బనీను లాంటిదే, కాకపోతే జర్మనీది.

ఇచ్చింది హైకే. నస్పూర్‌లో ప్రమోదిని వాళ్ళ మేడ మీద రెండు నెలలు అద్దెకున్న జర్మన్ ఇంజనీరు భార్య. ఆరడుగుల మనిషి. లోపలికి వచ్చినప్పుడల్లా ద్వారబంధానికి దండం పెట్టినట్టు వంగేది.

వెళ్ళేరోజు ప్రమోదిని ఆమెకు బొట్టు పెట్టి, కొత్త జాకెట్ ముక్క చేతిలో పెట్టింది. హైకే కళ్ళు తుడుచుకుంటూ పైకి పోయి, తాను తొడిగి విడిచిన ఈ అంగీ తెచ్చి ఇచ్చింది. వాళ్ళ ఆచారం కాబోలని సర్దుకుంది గానీ, ప్రమోదినికి మనసు చివుక్కుమంది.

అయినా మనిషి మంచిదే. ప్రమోదిని కథ విన్నది ఆమె ఒక్కతే.

డిగ్రీలో ప్రమోదిని కరీంనగర్‌లో కాలేజీ హ్యాండ్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. ఆడింది ఒక్క టోర్నమెంటు. ఆఖరి నిమిషంలో వచ్చిన బంతిని చేత్తోనో మొహంతోనో ఆపింది. జట్టు గెలిచింది. తర్వాత పెళ్ళి. ఇరవై ఆరేళ్ళుగా ఆ బంతి మాటెత్తితే చాలు, భర్త లక్ష్మణ్‌రావు టీవీ శబ్దం పెంచుతాడు.

హైకే మాత్రం ప్రతి సాయంత్రం మొదటిసారి విన్నట్టే వినేది. ప్రమోదిని వాకిట్లో నిలబడి, గోల్ ఎట్లా కాయాలో చూపించేది.

ఒకసారి హైకే ఆమె మోచేతులు పట్టుకుని మెల్లగా పైకెత్తింది.

"అట్ల గాదమ్మా, నీకు తెల్వది" అని, ఇంగ్లీషు అందక తెలుగులోనే చెప్పి, ప్రమోదిని చేతులు దించుకుంది.

హైకే చిటికెన వేలు వంకర. అడిగితే, పనిలో విరిగిందన్నది. ఏ ఫ్యాక్టరీలోనో పాపం అనుకుని, ప్రమోదిని ఆ రోజు ఇంకో గారె ఎక్కువ వేసింది.

గిన్నె వచ్చిన వారానికి, పక్కింటి వాహెద్ కూతురు నూరీన్ ఫోన్ పట్టుకుని వచ్చింది. బడి హ్యాండ్‌బాల్ జట్టులో ఆమెదీ గోల్‌కీపర్ స్థానమే. కోచ్ పంపిన పాత మ్యాచ్ వీడియో అట.

పెద్ద హాలు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు. నడుమ ఆకుపచ్చ అంగీ, పన్నెండో నంబరు. ఊపుతున్న చేతికి చిటికెన వేలు వంకర.

"గీమె మన హైకమ్మనే గద, ఆంటీ? గది ఆమె ఆఖరి మ్యాచట. పద్నాలుగేండ్లు గోల్ కాసుడే ఆమె కొలువట."

ప్రమోదిని గట్టు మీది గిన్నె వైపు చూసింది. అందులో పెరుగు తోడుకుంటోంది. బాలమల్లు ఈపాటికి ఎన్ని ఊళ్ళు దాటాడో.

"మ్యాచ్ అయినంక టీవీవాళ్ళు గా అంగీ ఏం జేస్తవని అడిగిన్రు, ఆంటీ."

"ఏమన్నది?"

నూరీన్ తెర మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంది.

"ఆట ఇడిసినా ఆటను మరువని గోల్‌కీపర్ యాడన్న దొరికితే, ఆమెకే ఇస్తనన్నది."