మూణ్ణెల్లకో అంకె

“కొత్త పెళ్ళికూతురా, పొద్దుట్నుంచి మీ ఆయన ఫోన్ చెయ్యడం ఇది ఎన్నోసారి?” అని నవ్వింది, రక్తపరీక్షకి వచ్చిన దర్జీ ఆవిడ.

“నాలుగోసారేనండీ. పోయిన గొడుగు దొరికిందట!” అంటూ ఫోన్ పెట్టేసి, ల్యాబు యంత్రంలోంచి వచ్చిన కాగితం చూశాను. నా నవ్వు ఆగిపోయింది.

ఒంట్లో కాల్షియం సంగతి చూసుకునే గ్రంథి ఆవిడకి పాడైతే, వాళ్ళక్క తన గ్రంథిలో ముక్క ఇచ్చింది. దాన్ని ఎడమ ముంజేతిలో పెట్టారు. అది బతికుంటే ఆ చేతి రక్తంలో ఆ గ్రంథి హార్మోను అంకె రెండో చేతికంటే ఎక్కువ రావాలి. అందుకే మూణ్ణెల్లకోసారి రెండు చేతులకీ సూది గుచ్చుతాను.

“రెండు చేతులకీ ఒకటే వచ్చిందండీ,” అన్నాను మెల్లగా.

“అన్ని మాత్రలు మింగినా నా ఒళ్ళు అక్కని పరాయిదనుకుందన్నమాట.”

“డాక్టరుగారు ఇక ఆ మాత్రలూ ఈ పరీక్షలూ ఆపేస్తారేమో. కాల్షియం బిళ్ళలతో నెట్టుకురావచ్చు. ప్రాణానికేం భయం లేదు.”

“ప్రాణం సంగతి కాదమ్మా. పదేళ్ళుగా మాకు మాటల్లేవు. ముక్క ఇచ్చాక, పరీక్షయిన రోజు ఫోన్ చేసి అంకె చెప్పమంది. మాకున్నది ఆ ఒక్క మాటే.”

ఆవిడ అక్క నంబరు నొక్కింది. అవతలి గొంతు నాకూ వినిపించింది.

“ఎంత?”

ఆవిడ కాగితాన్ని బోర్లా పెట్టింది.

“నూట తొంభై అక్కా. పోయినసారికంటే ఎక్కువే. నీ ముక్క నీలాగే మొండిది.”

అవతల ఏదో చిన్నగా వినిపించి, ఫోన్ కట్టయింది.

“నవ్విందమ్మా,” అంది నాతో, ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని.